వెయ్యి బీడీలకు లెక్కుంది, లాప్‌టాప్‌కే లేదు

కోరుట్ల దగ్గర ఒక ఊళ్లో మాకు తెలిసిన ఇల్లుంది. కింద అరుగు మీద తల్లి బీడీలు చుడుతుంది. పై గదిలో కొడుకు ఇంటి నుంచే ఉద్యోగం చేస్తూ లాప్‌టాప్ ముందు ఉంటాడు. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్‌కు హైదరాబాద్ హాస్టల్ ఖాళీ చేసి, నాలుగు జతల బట్టలతో వచ్చినవాడు ఏడాదిన్నరైనా తిరిగి వెళ్లలేదు. బియ్యం డబ్బా మీద తువ్వాల మడిచి పెట్టి, దాని మీద లాప్‌టాప్ పెట్టుకున్నాడు. అదే అతని ఆఫీసు. ఒక రోజు ఉదయం కాల్ మధ్యలో నెట్ పోయింది. స్తంభం నుంచి ఇంటికి వచ్చే కేబుల్ పట్టుకుని కోతులు ఊగుతున్నాయి. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో ఫోన్ హాట్‌స్పాట్‌తో అతను డాబా ఎక్కాడు. కోతులను అదిలిస్తూనే, చెవిలో హెడ్‌సెట్‌తో అవతలి వాళ్లకు వారం రోజుల పని లెక్క చెప్పాడు. కింది నుంచి తల్లి "ఉప్మా సల్లగైతాంది రా" అని కేకేస్తే, మ్యూట్ చేయడం మరిచిపోయాడట. ఆ రోజు కాల్‌లో ఉన్నవాళ్లంతా నవ్వారు.

ఆమె పని చూడండి. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, ఓ పక్కకు తంబాకు. వాడకట్టులోని మరో నలుగురు ఆడవాళ్లు కూడా అదే అరుగు మీదికి చేరతారు. ఊళ్లో ముచ్చట్లన్నీ నడుస్తుంటాయి, చేతులు మాత్రం ఆగవు. ఇరవై ఐదింటికి ఒక కట్ట, నలభై కట్టలైతే వెయ్యి. ఆ లెక్క అయిందంటే చాట పక్కన పెట్టి, నడుం పట్టుకుని లేస్తుంది. పై గదిలో లైటు మాత్రం రాత్రి పదకొండున్నరకూ వెలుగుతూనే ఉంటుంది. "నీ ఆఫీసు ఎప్పుడు బందైతది బిడ్డా?" అని తండ్రి అడిగితే కొడుకు దగ్గర జవాబు లేదు.

వర్క్ ఫ్రం హోం అనే మాట మనకు కొత్తగా వచ్చింది గానీ ఇంట్లో పని ఉత్తర తెలంగాణకు తాతల నాటిది. నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ పల్లెల్లో బీడీలు ఇంట్లోనే పుడతాయి. వరంగల్ కొత్తవాడలో మగ్గానికీ మంచానికీ మధ్య జానెడు జాగా ఉంటే గొప్ప. 2018లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, పొందిన వరంగల్ దర్రీలు (జంపఖానాలు) అలాంటి ఇళ్లలోంచి వచ్చినవే. ఇల్లే కార్ఖానా అయితే ఏమవుతుందో ఈ ఇళ్లకు బాగా తెలుసు. పిల్లను చూసుకుంటూ నాలుగు పైసలు సంపాదించుకోవచ్చు. ఆ పిల్ల తంబాకు దుమ్ములోనే పెరుగుతుంది.

లాప్‌టాప్ ఇళ్లకు ఈ అనుభవం 2020 నుంచే. 2020 జనవరి 7న వరంగల్ పక్కన మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ ఐటీ కంపెనీల కేంద్రాలు మొదలైనప్పుడు, మన పిల్లలకు ఇంటి దగ్గరే ఉద్యోగం దొరుకుతుందని ఓరుగల్లు సంబరపడింది. మూడు నెలలు నిండకముందే లాక్‌డౌన్ వచ్చింది. ఇంటి దగ్గర ఉద్యోగం కాస్తా ఇంట్లో ఉద్యోగమైంది.

ఇందులో సుఖం లేదని మేము అనం. హైదరాబాద్ గది కిరాయి మిగిలింది. అమ్మానాన్నలతో కలిసి అన్నం తినే అదృష్టం ఎన్నో ఏళ్ల తర్వాత దొరికింది. నాట్లప్పుడు పొలం గట్టున నిలబడగలిగారు, 2020 బతుకమ్మకు సెలవు కోసం ఎవరినీ బతిమాలుకోలేదు. 2021 జులై 25న రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చిందని తెలిసిన సాయంత్రం ఇంట్లో అందరూ ఒకే టీవీ ముందు కూర్చుని చూశారు. హాస్టల్ గదిలో ఉండి ఉంటే అది ఫోన్‌లో వేలితో పైకి తోసేసే ఇంకో వార్త.

కానీ మనిషి మనసు కుదురుగా ఉండాలంటే ఇవి సరిపోతాయా? కరోనా కాలమంతా పొద్దున లేస్తే ఫోన్ నిండా ఒకటే సలహా: పాజిటివ్‌గా ఉండండి, ధ్యానం చేయండి, నవ్వుతూ పనిచేయండి. 2021 ఏప్రిల్, మే నెలల్లో కరోనాకు ఇంటి మనిషిని పోగొట్టుకుని, పదకొండో రోజు కాగానే లాగిన్ అయినవాళ్లున్నారు. వాళ్లకు ఈ ముక్క పంపేముందు ఒక్కసారి ఆలోచిస్తే బాగుండు. నిద్ర చాలనివాడికి ధ్యానం కన్నా ముందు కావలసింది నిద్ర. వరంగల్‌లో భద్రకాళి బండ్ మీద గానీ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో గానీ సాయంత్రం ఆరింటికి అరగంట నడిస్తే మనసు తేలికపడుతుందని అందరికీ తెలుసు. ఆ ఆరింటికే కాల్ పెడుతుంటే నడిచేదెవరు?

ఇంట్లో ఇల్లాలి సంగతి ఇంకో తీరు. ఆమెకూ లాప్‌టాప్ ఉంటే మరీను. 2021 జులై 1 నుంచి ఆన్‌లైన్ పాఠాలు మళ్లీ మొదలయ్యాయి. ఇద్దరు పిల్లలకు ఒకే ఫోన్, అదీ ఆమెదే. అత్తమ్మకు చాయ్, మామయ్యకు మందులు, పెద్దోడికి లెక్కల పాఠం, మధ్యలో మేనేజర్ ఫోన్. భర్త తలుపు వేసుకుంటే "పనిలో ఉన్నడు" అంటారు, ఆమె వేసుకుంటే "ఏమైంది?" అని తడతారు. గిన్నెలు ఎవరు తోమాలన్న దగ్గర ఈ ఇళ్లలో ఎంతో టెన్షన్ పేరుకుంటోంది. ఏ ప్రభుత్వమూ తీర్చేది కాదిది. మగవాళ్లే కదలాలి.

గంటల సంగతి మాత్రం ప్రభుత్వమే తేల్చాలి. కేంద్ర కార్మిక శాఖ 2020 డిసెంబర్ 31న సేవారంగానికి నమూనా స్టాండింగ్ ఆర్డర్ల (ఉద్యోగ నిబంధనల) ముసాయిదా తెచ్చింది. అందులో ఇంటి నుంచి పనికి చోటిచ్చారు, సంతోషం. ఐటీ వాళ్ల పని వేళలను మాత్రం యాజమాన్యానికీ ఉద్యోగికీ మధ్య కుదిరిన ఒప్పందానికే వదిలేశారు. మొదటి ఉద్యోగంలో చేరిన ఇరవై మూడేళ్ల పిల్ల, ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేటప్పుడు ఏ గంటల గురించి బేరమాడుతుంది? ఫ్రాన్స్‌లో 2017 నుంచే పని వేళలు దాటాక ఫోన్ ఎత్తనక్కరలేని హక్కు చట్టంలో ఉంది. అంత దూరం పోనక్కరలేదు, మన పాత బీడీ చట్టమే చూడండి. ఇంట్లో కూర్చుని చుట్టే మనిషీ కార్మికురాలేనని 1966లోనే అది రాసిపెట్టింది. బీడీ యజమానులు కోర్టుకెక్కితే 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. దానివల్ల బీడీ కార్మికుల బతుకులు బంగారమయ్యాయని కాదు. బాగాలేవని పక్కకు తీసేసిన బీడీల లెక్క దగ్గర, దగ్గు దగ్గర వాళ్ల గోస అలాగే ఉంది. కానీ గడప లోపల చేసేదీ పనే అని ఒప్పించడానికి వాళ్లు పడ్డ పాట్లు, ఇప్పుడు లాప్‌టాప్ పట్టుకున్న వాళ్ల పిల్లలకు పనికిరావాలి. కరెంటు బిల్లు, నెట్ బిల్లు, వెన్నునొప్పి తేని కుర్చీ ఎవరి ఖర్చు అన్నది కూడా తేలాలి.

మన దగ్గర వెంటనే అయ్యే పని ఇంకోటుంది. అరుగు మీద ఆ తల్లికి నలుగురి తోడుంది, పై గదిలో కొడుక్కి లేదు. మా లెక్కన అసలు కష్టం ఇక్కడే ఉంది. రాష్ట్రంలో రైతుల మీటింగ్‌ల కోసం 2,601 రైతు వేదికలు కట్టారు. మొదటిదాన్ని 2020 అక్టోబర్ 31న జనగామ జిల్లా కొడకండ్లలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రారంభించారు. మీటింగ్ ఉన్న రోజు రైతులకే ఇవ్వాలి, అందులో వాదన లేదు. మిగతా రోజుల్లో చాలాచోట్ల హాలు ఖాళీగానే ఉంటోంది. అక్కడ నెట్ కనెక్షన్, ఇన్వర్టర్, పది కుర్చీలు, తెరిచి ఉంచే కిటికీలు ఉంటే ఊళ్లోని ఐదారుగురు పిల్లలు కలిసి కూర్చుని పని చేసుకోగలరు. సాయంత్రం తాళం వేసే వేళ ఒకటి పెడితే, లాప్‌టాప్ మూసే వేళ కూడా అదే అవుతుంది. వరంగల్, జగిత్యాల కలెక్టర్లు మండలానికొక రైతు వేదికతో ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు. కోతుల సంగతి పంచాయతీలు చూసుకోవాలి.