నూరిన కోణం చెప్పకుండా పోలిక ఎలా?

మీ కత్తుల పోలిక వ్యాసం చదివాను. వేర్వేరు ఉక్కులతో చేయించుకున్న రెండు కత్తులతో మనీలా తాడు (ముతక నార తాడు) కోసి, డీ2 అనే పనిముట్ల ఉక్కుదే ఎక్కువసేపు నిలిచే పదును అని అందులో తేల్చేశారు. కావచ్చు. కానీ ఏ కత్తిని ఏ కోణంలో నూరారో ఒక్క ముక్కైనా రాయలేదే! అదే ఉక్కును ఒక్కో పక్క 20 డిగ్రీలకు బదులు 15కు నూరి, అంచు వెనక మందం తగ్గిస్తే కోతల లెక్కే మారిపోతుంది. అప్పుడు గెలిచింది ఉక్కా, నూరిన చెయ్యా?

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో కత్తుల పరిశోధన సంస్థ కాట్రా యంత్రం సిలికా కలిపిన కాగితాన్ని ఎప్పుడూ ఒకే ఒత్తిడితో కోయించేది ఈ తకరారు లేకుండా ఉండటానికే. ఇంట్లో అయితే కోసే చెక్క కింద తూకం యంత్రం పెట్టండి. తాడు తెగడానికి ఎన్ని కిలోల ఒత్తిడి పడుతోందో అంకె కనిపిస్తుంది. చేతి అంచనాతో పని లేదు.

ఇంకొకటి. మొద్దుబారిందనుకున్న అంచును తోలుపట్టీ మీద నాలుగు సార్లు లాగి, వార్తాపత్రిక కాగితం మీద పెట్టి చూడండి. చిరచిరలాడకుండా జారుతూ కోస్తే అంచు అరగలేదు, పక్కకు ఒరిగిందంతే. అరగడం, ఒరగడం అనే ఈ రెండింటినీ వ్యాసంలో ఒకే గాటన కట్టారు. అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ (కత్తులు చేసే కమ్మరుల సంఘం) పరీక్షలో కర్ర నరికిన కత్తితోనే వెంట్రుకలు గొరిగిస్తారు. అది దెబ్బకు ఓర్చే గుణానికి పరీక్ష, తాడు కోత అరుగుదలకు పరీక్ష. కోణాలు, రాక్‌వెల్ కాఠిన్యం (ఉక్కు గట్టిదనం కొలత) జోడిస్తే మళ్లీ చదువుతాను.