కొత్తగా పుట్టిన పాత భోషాణం గారికి

మహారాజశ్రీ భోషాణం గారి దివ్యసముఖమునకు,

కొండాపూర్‌లో తొమ్మిదో అంతస్తు ఫ్లాటులో, సోఫాకి ఎదురుగా, నెత్తిన బోన్సాయ్ మొక్క పెట్టుకుని వేంచేసి ఉన్న తమరికి నమస్కారాలు. ఉభయకుశలోపరి. తమరిని ఇంటికి తెచ్చిన మా బావగారు వచ్చినవాళ్ళందరికీ తమరి వయసు నూట యాభై అని చెబుతున్నారు. కిందటి దసరాకి నూట ఇరవై అన్నారు. ఈ లెక్కన వచ్చే ఉగాదికల్లా తమరు 1857 తిరుగుబాటు కళ్ళారా చూసినవారైపోతారు. అంత పెద్దవారు కాబట్టి ‘తమరు’ అంటున్నాను. మధ్యలో నోరు జారితే మన్నించాలి.

అసలు భోషాణమంటే ఏం చేసేదో తమరికి చెప్పినవాళ్ళు ఉండకపోవచ్చు. అందులో ఇత్తడి గుండిగలు, వెండి కంచాలు, పెళ్ళి పట్టుచీరలు, పొలం దస్తావేజులు ఉండేవి. తాళంచెవి ఇంటి పెద్దావిడ బొడ్లో ఉండేది. రాత్రయితే మూత మీద పక్క వేసుకుని ఒకరు పడుకునేవారు. దొంగ మూత తియ్యాలంటే ముందు తాతగారిని లేపాలి. తమరి కడుపులో ఇప్పుడు వైఫై రూటరు, తెగిపోయిన చార్జర్లు, డెలివరీ అట్టపెట్టెలు ఉన్నాయి. ఏ దొంగా వాటి కోసం తాతగారిని లేపడు.

తమరి ఒంటి మీది దెబ్బలు తీరిగ్గా చూశాను. మూత మీద, పక్కల మీద, వెనక పలక మీద అన్నిచోట్లా సమానంగా ఉన్నాయి. ఎవరో ధర్మాత్ముడు గొలుసు పుచ్చుకుని పక్షపాతం లేకుండా బాదినట్టున్నాడు. మనుషుల మధ్య బతికిన చెక్క ఇలా అరగదండీ. చెయ్యి పడే మూత అంచు నున్నబడుతుంది. కాళ్ళు తగిలే కింది పట్టీ గుంటలు పడుతుంది. ఇల్లు కడిగిన నీళ్ళు తగిలి పెట్టె కోళ్ళు నల్లబడతాయి. గోడవైపు వీపు మాత్రం వడ్రంగి వదిలినట్టే ఉండిపోతుంది. తమరి వీపు మీదా గీతలున్నాయి. గోడ గోకిందా?

పుచ్చు బెజ్జాలు కూడా చూశాను. పురుగు తొలిచిన దారి లోపల వంకర్లు పోతుంది. తమరి బెజ్జాల్లో గుండుసూది పెడితే తిన్నగా దిగి ఠక్కున ఆగింది. ఆ పురుగు కరెంటుతో నడిచి ఉండాలి. ఇత్తడి బందుల మీది చిలుము రుద్దితే వేలికి వచ్చేసింది. ఏళ్ళ తరబడి పట్టినది అంత తేలిగ్గా వదలదు. ఉప్పూ వెనిగరూ పోసి పట్టించినది రుమాలు చూస్తేనే వచ్చేస్తుంది. ఇక బందులకి బిగించిన స్క్రూల నెత్తిన ప్లస్ గుర్తు ఉంది. ఆ రకం స్క్రూకి అమెరికాలో ఫిలిప్స్ అనే ఆయనకి పేటెంట్లు వచ్చింది 1936లో. మరమ్మతు చేయించుకోవడం పాపమేం కాదు, పాత పెట్టెకి కొత్త స్క్రూ పడుతుంది. కానీ పక్కన పాత మేకు బెజ్జం ఒక్కటైనా కనబడాలి కదా! తమరు ఆ స్క్రూలతోనే పుట్టారు.

ఇంగ్లీషువాళ్ళ సలహా ఒకటుంది. అడుగు పలక మీద గుండ్రటి రంపం గీతలుంటే కొత్తది, తిన్నటి గీతలుంటే పాతది అని. మన దగ్గర ఆ సూత్రాన్ని నమ్మి డబ్బు పెట్టకూడదు. ఒకడు పైన, ఒకడు కింద నిలబడి లాగే రంపపు కోత మిల్లులొచ్చాక కూడా మన ఊళ్ళలో చాలాకాలం సాగింది. దానికన్నా టేపు మేలు. చెక్క ఏళ్ళు గడిచేకొద్దీ అడ్డంగా కుంచించుకుపోతుంది, పొడవున దాదాపు కదలదు. అందుకే నిఖార్సయిన పాత గుండ్రబల్లని అటూ ఇటూ కొలిస్తే రెండు కొలతలు వస్తాయి. ఎటు కొలిచినా ఒకే కొలత చెప్పే బల్ల పసిపిల్ల కిందే లెక్క.

తమరిని అమ్మినాయన తమరు జమీందారు గారి దివాణంలోవారని చెప్పాడట. చెబుతాడు. అమ్మకానికొచ్చిన ప్రతి మంచమూ జమీందారు గారిదే, ప్రతి కుర్చీలోనూ దొరగారే కూర్చున్నారు. మద్రాసు రాష్ట్రంలో 1948లో జమీందారీల రద్దు చట్టం, హైదరాబాదులో 1949లో జాగీర్ల రద్దు వచ్చాయి. భూములు పోయాయి గానీ జమీందారు గారి మంచాలు మాత్రం ఏటేటా పెరుగుతూనే ఉన్నాయి. కరణం గారి బల్ల, కిరాణా కొట్టు గల్లాపెట్టె అని చెప్పి అమ్మినవాడు ఇంతవరకూ నా కంటబడలేదు. వాళ్ళంతా చాపల మీద బతికారేమో.

నిజమైన పాత సామాను వెనక కథ ఇంత ముచ్చటగా ఉండదు. తమిళనాడులో కారైక్కుడి చుట్టుపక్కల చెట్టియార్లు బర్మా వ్యాపారంతో, బర్మా టేకుతో మేడలు కట్టారు. రెండో ప్రపంచయుద్ధంలో జపానువాళ్ళు బర్మా మీద పడ్డాక ఆ రాబడి పోయింది. వారసులు పెరిగారు, సున్నం కొట్టించడానికి కూడా డబ్బుల్లేక కొన్ని మేడల్ని స్తంభానికి స్తంభం విప్పి అమ్ముకున్నారు. ఇవాళ అక్కడి పాత సామాన్ల వీధిలో నిలబెట్టి ఉన్న తలుపులు అలా వచ్చినవే. కాకినాడ, విశాఖ రేవుల్లో ఓడెక్కి రంగూనులో మోతలు మోసిన మన కూలీల భుజాలు ఆ దుంగల్లో కొన్నిటికైనా తగిలే ఉంటాయి. ఆ సంగతి ధర చీటీ మీద రాయరు.

ఇంకో బంధువర్గం గోడు వినండి. చండీగఢ్ కట్టిన రోజుల్లో పియేర్ జానరే అనే స్విస్ ఆర్కిటెక్టు అక్కడి ఆఫీసుల కోసం టేకు, పేముతో కుర్చీలు చేయించాడు. పేము తెగాక వాటిని మిద్దెల మీద గుట్టపోసి తుక్కు వేలంలో అమ్మేశారు. అవే విదేశీ వేలంపాటల్లో లక్షలు పలికాక మనవాళ్ళకి భక్తి పుట్టుకొచ్చింది. 2011లో కేంద్ర హోం శాఖ అమ్మకాలు ఆపమంది. కానీ 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు కావాలంటే కనీసం నూరేళ్ళు ఉండాలి. మనుషులకి నూరేళ్ళు నిండితే పాడె కడతాం, సామానుకి నిండితే దేశం దాటనివ్వం. ఆ కుర్చీలకి నూరేళ్ళు నిండలేదు గనక హాయిగా దాటిపోయాయి. సామాన్ల లెక్క కోసం గుమస్తా రంగుతో రాసిన నంబరే ఇప్పుడు అసలు కుర్చీకి ఆనవాలు. కాబట్టి నకిలీల మీద నంబర్లు కూడా రాస్తున్నారు. (ఆఫీసులో ఒక్కరోజూ పనిచేయకుండా సర్వీసు నంబరు సంపాదించడం మనకి కొత్తేమీ కాదనుకోండి.)

తమరి పుట్టిల్లు జోధ్‌పూర్ అని నా అనుమానం. అక్కడి పనివాళ్ళని నేనేమీ అనను. చేతిలో విద్య ఉంది, మామిడి చెక్క ఇచ్చి పాతదానిలా చెయ్యమన్నారు, చేశారు. గోదాముకీ షోరూముకీ మధ్య దారిలో ఎక్కడో తమరికి నూట యాభై ఏళ్ళు నిండాయి.

తమరి సంగతి వదిలేద్దాం. మా బావగారు ఈమధ్య నిజంగానే ఒక పాత రాతబల్ల పట్టారు. సొరుగు లాగి చూశాను. పలకల్ని ఒకదాన్లో ఒకటి దూర్చి కలిపే కుసులు చేత్తో కోసినవి, ఏ రెండూ ఒక కొలతలో లేవు. అడుగున పాలిష్ లేదు, గాలికి నల్లబడిన చేవ చెక్క. లక్కని స్పిరిట్లో కరిగించి గుడ్డ ఉండతో రుద్దిన పాత మెరుగు పైన ఇంకా ఉంది. వయసంటే ఆ పైపొరే. బావగారు ఏమన్నారో తెలుసా? ‘మరీ మాసిపోయినట్టుందిరా, గీకించి మెలమైన్ పాలిష్ కొట్టిద్దాం’ అన్నారు. కొత్తదానిని బాది ముసలిదాన్ని చేసినవాళ్ళకి డబ్బిచ్చారు, ఇప్పుడు ముసలిదాని చర్మం ఒలిచి పడుచుదాన్ని చేసేవాళ్ళకి ఇస్తారట.

వడ్రంగి వచ్చేలోపు తమరు నాకొక ఉపకారం చెయ్యాలి. ఆ గొలుసు దెబ్బల్లో ఒకటి రెండు ఆ రాతబల్ల మీదికి ఎక్కించండి. బోలెడు గీతలు కనబడితేనే బావగారు దాన్ని పాతదని నమ్మి ముట్టుకోకుండా ఉంటారు.

ఇట్లు,
తమరి మూత మీద కాఫీ గ్లాసు పెట్టి మచ్చ చేశాడని అక్క చేత తిట్లు తిన్న
బావమరిది

తా.క.: తమరి అడుగున, ఎడమ కోడు పక్కన, బార్‌కోడ్ చీటీ ఇంకా అలాగే ఉంది. ఉగాదిలోపు గీకించుకోండి.