నాలుగింటికీ సమాన మార్కులా?

ఇంగ్లండ్ పబ్బులకు ఏల్ (అక్కడి సంప్రదాయ బీరు), తిండి, సేవ, వాతావరణం అనే నాలుగు అంశాల్లో సమానంగా మార్కులు వేయాలని ఒక వ్యాసంలో చదివాను; ఆ వ్యాసకర్త పద్ధతితో నేను ఏకీభవించలేకపోతున్నాను. పీపాలోనే రెండోసారి పులిసే కాస్క్ ఏల్‌ను సెల్లార్‌లో, అంటే పబ్బు కింది నేలమాళిగలో, 11 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచి, పీపా తెరిచాక సుమారు మూడు రోజుల్లో అమ్మేయాలి. ఆలస్యమైతే లోపలికి చేరిన గాలికి అది చప్పబడి, క్రమంగా వెనిగర్ వాసన పట్టుకుంటుంది. అందువల్ల గ్లాసులోని రుచిలో బ్రూవరీ పనితనం ఎంతో, సెల్లార్ చూసుకునే మనిషి శ్రద్ధ కూడా అంతే. మా లీడ్స్ నగరంలో ఒక పబ్బు బారు పొడవునా హ్యాండ్‌పంపులు (పీపాలోని ఏల్‌ను చేత్తో లాగి గ్లాసులో పోసే పిడులు) బిగించి మురిపిస్తుంది గానీ, గిరాకీ లేని మంగళవారం నాడు వెళితే వాటిలో సగం పంపుల నుంచి వచ్చే ఏల్ నిన్నటి సాంబారులా ఉంటుంది. పంపుల సంఖ్య చూసి మార్కులిస్తే వచ్చే చిక్కు ఇదే. 1971లో పుట్టిన, కాస్క్ ఏల్ కోసం ప్రచారం చేసే వినియోగదారుల సంస్థ కామ్రా (CAMRA) సభ్యులు బీరు నాణ్యతకు విడిగా 0 నుంచి 5 వరకు మార్కులు వేయడం నాకు సబబుగా తోస్తుంది. సేవ విషయానికొస్తే, ఏల్ పాడైందని చెప్పినప్పుడు వాదించకుండా గ్లాసు మారుస్తారా లేదా అన్నదే నా కొలమానం. ఇక తిండి అంటారా, క్రిస్ప్స్ (ఆలూ చిప్స్), ‘పోర్క్ పై’ అనే పంది మాంసం కూరిన పేస్ట్రీ తప్ప మరేమీ పెట్టని మంచి పబ్బులు ఇంగ్లండ్‌లో చాలానే ఉన్నాయి; వంటగది లేదన్న కారణంతో వాటికి సున్నా వేయడం అన్యాయం.