అండర్‌టేకర్ ఏడుసార్లు చావలేదు, సెలవు పెట్టాడు

చిన్నప్పుడు టీవీలో చూసిన అమెరికా రెజ్లింగ్‌లో చావులేని మనిషి వేషం కట్టిన రెజ్లర్ అండర్‌టేకర్ మీద మా కజిన్స్ గ్రూపులోకి ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. "అసలు అండర్‌టేకర్ 1994లోనే చనిపోయాడు, తర్వాత మనం చూసింది డూప్‌ని, మొత్తం ఏడుసార్లు చచ్చి బతికాడు, కేన్ సొంత తమ్ముడు, అక్షయ్ కుమార్ సినిమాలో ఉన్నది నిజమైన అండర్‌టేకరే" అని. కింద మా పెద్ద బావ దండం బొమ్మ కూడా పెట్టాడు. నవ్వడానికి నాకూ అర్హత లేదు, ఏడో తరగతిలో రెజ్లింగ్ కార్డులు ఆడుతూ ఈ కథ ఒట్టేసి మరీ చెప్పినవాణ్ణే. కానీ ముప్పై దాటాక కూడా నమ్ముతున్నారంటే ఒకసారి కూర్చుని మాట్లాడుకోవాల్సిందే.

ముందు ఆ చావు సంగతి. 1994 జనవరిలో రాయల్ రంబుల్ అనే రెజ్లింగ్ షో, యోకోజునా అనే రెజ్లర్‌తో శవపేటిక మ్యాచ్, అంటే ఎదుటివాణ్ణి పెట్టెలో పెట్టి మూత వేస్తే గెలుపు. దాదాపు పదిమంది రెజ్లర్లు వచ్చి మీదపడి ఈయన్ని పెట్టెలో తోసి మూత వేశారు. పెట్టెలోంచి పొగ వచ్చింది, పెద్ద తెర మీద అండర్‌టేకర్ మొహం కనబడి తిరిగొస్తానని మాట్లాడింది, ఆఖర్న ఒక ఆకారం గాల్లో పైకప్పు దాకా లేచింది. చూసిన పిల్లలకి ఆ రాత్రి నిద్ర పట్టి ఉండదు. పైకి లేచిన ఆ ఆకారం మాత్రం ఆయన కాదు, మార్టీ జానెట్టీ అనే వేరే రెజ్లర్‌కి ఆ వేషం వేసి తాళ్లతో లాగారు. ఇదంతా దేనికయ్యా అంటే ఆయనకి నడుం నొప్పి. నయమయ్యేదాకా కొన్ని నెలలు ఇంట్లో ఉండాలి. మనం ఆఫీసులో జ్వరమని మెయిల్ పెడతాం, ఆయన శవపేటికలో వెళ్లిపోయాడు, అంతే తేడా. తర్వాత పెట్టెకి నిప్పంటించడం, మట్టిలో పూడ్చడం కూడా ఇదే తంతు, కాసేపు కనబడకుండా పోవడానికో కొత్త గెటప్‌లో రావడానికో ఒక దారి. 2003లో పూడ్చినప్పుడు బైక్ మీద తిరిగే అండర్‌టేకర్ పోయి, 2004లో రెసిల్‌మేనియా అనే ఏటా జరిగే పెద్ద షోలో పాత టోపీ, కోటుతో తిరిగొచ్చాడు. మనిషి ఒక్కడే, మార్క్ కాలవే, 1965లో టెక్సాస్‌లోని హ్యూస్టన్‌లో పుట్టాడు, ఇప్పటికీ శుభ్రంగా ఉన్నాడు.

డూప్ అనే మాటలో పిసరంత నిజం ఉంది, గొడవంతా అక్కడే పుట్టింది. ఆయన ఇంట్లో ఉన్న ఆ నెలల్లోనే టెడ్ డిబియాసీ అనే ఇంకో రెజ్లింగ్ మనిషి "అండర్‌టేకర్‌ని నేను తిరిగి తెచ్చా" అంటూ ఒకణ్ణి దింపాడు. వాడి పేరు బ్రయాన్ లీ. 1994 ఆగస్టులో షికాగోలో సమ్మర్‌స్లామ్ అనే షో, అండర్‌టేకర్‌తో అండర్‌టేకర్. వీడియో దొరికితే చేతులు చూడండి, డూప్‌వి బూడిద రంగు గ్లవ్స్, అసలాయనవి ఊదా రంగు. ఎత్తులో కూడా డూప్ కొంచెం తక్కువే. అసలాయన టూంబ్‌స్టోన్ (తలకిందులుగా పట్టుకుని కిందికి దించే దెబ్బ) వేసి వాణ్ణి పడుకోబెట్టాడు, కథ అక్కడితో సరి. అంటే డూప్ ఉన్నమాట నిజమే కానీ కొద్ది నెలలే, పైగా ఓడిపోయాడు. ఇరవై ఏళ్లు డూపే నడిపాడనడం మన క్లాసులో వెనక బెంచీ కల్పన.

ఇక అక్షయ్ కుమార్. 1996లో వచ్చిన 'ఖిలాడియోం కా ఖిలాడీ'లో అండర్‌టేకర్‌గా కనిపించింది ఆ బ్రయాన్ లీయే. ఇది నేను చెప్పడం కాదు, సినిమాకి పాతికేళ్లయిన సందర్భంగా 2021లో అక్షయే స్వయంగా చెప్పాడు. దానికి అసలాయన నవ్వి, నిజం మ్యాచ్‌కి ఎప్పుడు రెడీ అని అడిగాడు కూడా. బావా, చదువుతున్నావా?

రెజ్లింగ్ కథలో తమ్ముడిగా చూపించిన కేన్ నిజంగా తమ్ముడు కాదు. అసలు పేరు గ్లెన్ జేకబ్స్, 1997లో ఆ పాత్రలోకి వచ్చాడు, 2018లో అమెరికాలోని టెనెసీలో నాక్స్ కౌంటీకి మేయర్ అయ్యాడు. శవపేటిక మనిషి తమ్ముడు రోడ్లు, బడ్జెట్ లెక్కలు చూసుకున్నాడు.

వీటికి పూర్తిగా రివర్స్‌లో ఇంకో బ్యాచ్ ఉంది, అంతా ఉత్తుత్తిదే, ఎవడికీ దెబ్బ తగలదంటారు. ఎవరు గెలవాలన్నది ముందే రాసుకుంటారు, ఒప్పుకుంటా. ఎముకలకి ఆ స్క్రిప్టు తెలీదుగా. 1995లో మేబెల్ అనే భారీకాయుడితో మ్యాచ్‌లో కాలవే కంటి చుట్టూ ఉండే ఎముక విరిగింది. తిరిగొచ్చినప్పుడు మొహానికి బూడిద రంగు మాస్క్ తొడుక్కున్నాడు. దెయ్యం కొత్త అవతారం ఎత్తిందని జనం కేకలు పెట్టారు, ఆ మాస్క్ వెనక ఉన్నది మానుతున్న ఎముక. 2010లో ఎంట్రీ ఇస్తుంటే బాణసంచా మంట మీదకొచ్చి ఒళ్లు కాలింది, నీళ్లు పోసుకుని అలాగే మ్యాచ్ ఆడాడు.

2014 ఏప్రిల్ 6 అయితే మీకూ గుర్తుంటుంది. న్యూ ఓర్లీన్స్‌లో రెసిల్‌మేనియా, ఆ షోలో అండర్‌టేకర్‌కి అప్పటికి 21 గెలుపులు, ఒక్క ఓటమి లేదు. బ్రాక్ లెస్నర్ అనే రెజ్లర్ ఆయన భుజాలు నేలకి అదిమి మూడు లెక్కపెట్టించి గెలిచాడు, స్టేడియంలో జనం నోళ్లు తెరుచుకుని అలా నిలబడిపోయారు. ఆ మ్యాచ్‌లోనే అండర్‌టేకర్ తలకి దెబ్బ తగిలింది, రాత్రికి రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లారు. మధ్యాహ్నం భార్యతో మాట్లాడింది గుర్తుంది, ఆ తర్వాత తెల్లవారుజామున ఆసుపత్రిలో తెలివొచ్చేదాకా ఏమీ గుర్తులేదని తర్వాత ఆయనే చెప్పాడు. మనమంతా ఇప్పటికీ చర్చించుకునే ఆ ఓటమి ఆయన బుర్రలో లేనే లేదు.