ఇంటర్వ్యూ కాదండీ బాబూ, ఇంటరాక్షన్

మొన్న మా తోడల్లుడు ఫోన్ చేసి, ఆదివారం ఒకసారి ఇంటికి రండి అన్నగారూ, మావాడికి మాక్ ఇంటర్వ్యూ పెడుతున్నాం, కొత్త మొహం ఒకటి ఉంటే బాగుంటుంది అన్నాడు. మావాడు అంటే మూడున్నరేళ్ల చింటూ. షూ ఏ కాలిది ఆ కాలికి వేసుకోవడం ఇంకా రాలేదు. ఏ కంపెనీరా అని జోకేశాను. నవ్వలేదు. ఎల్‌కేజీ, పైగా ఇంటర్వ్యూ అనకూడదంట, నోరు జారాడంట, ఇంటరాక్షన్ అనాలంట.

ఈ పేర్లు పెట్టినవాడెవడో గానీ వాడికి దండేసి దండం పెట్టాలి. డొనేషన్ అనకూడదు, వన్ టైమ్ అడ్మిషన్ ఫీ. కోచింగ్ అనకూడదు, యాక్టివిటీ సెంటర్. పదహారేళ్ల లోపు పిల్లల్ని కోచింగ్ సెంటర్లలో చేర్చుకోవద్దని కేంద్రం 2024 జనవరిలో గైడ్‌లైన్స్ ఇచ్చింది కదా, కానీ మూడేళ్ల పిల్లాడికి సాయంత్రం గంటన్నర షేప్సూ కలర్సూ రుద్దితే అది కోచింగ్ ఎలా అవుద్దండీ, యాక్టివిటీ. విద్యా హక్కు చట్టం 2009 సెక్షన్ 13 అయితే ఇంకా అమాయకంగా, పిల్లాణ్ని గానీ తల్లిదండ్రుల్ని గానీ ఏ రకంగానూ స్క్రీనింగ్ చెయ్యకూడదు, చేస్తే మొదటిసారి 25 వేలు, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా అంటుంది. 25 వేలంటే మా తోడల్లుడు కట్టబోయే ఫీజులో బస్సు ఖర్చుకి సరిపోతుందేమో. పైగా ఆ చట్టం లెక్కలో పిల్లలంటే 6 నుంచి 14 ఏళ్ల వాళ్లు. అంటే మూడున్నరేళ్ల చింటూ చట్టం దృష్టిలో ఇంకా పుట్టనే లేదు, పుట్టనివాణ్ని ఏం చేసినా తప్పేముంది.

సరే వెళ్లాను. ప్రగతినగర్‌లో మూడో అంతస్తు, హాల్లో సోఫా ప్రిన్సిపాల్ రూమ్, బెడ్‌రూమ్ వెయిటింగ్ హాల్. మా మరదలు కళ్లజోడు పెట్టుకుని ప్రిన్సిపాల్ అయింది. మా తోడల్లుడు పెళ్లి రిసెప్షన్‌కి కుట్టించుకున్న కోటు వేసుకున్నాడు, గుండీ పట్టట్లేదు. చింటూ తలుపు కొట్టాలి, మే ఐ కమిన్ మ్యామ్ అనాలి, రమ్మంటేనే రావాలి. వాడు పదకొండు సార్లు వచ్చాడు, నేను లెక్కపెట్టాను. రెండోసారి తలుపు కొట్టకుండా వచ్చాడు, నాలుగోసారి బిస్కెట్‌తో వచ్చాడు, ఏడోసారి రావడమే మానేశాడు, వెళ్లి చూస్తే మంచం కింద ఉన్నాడు, కాళ్లు పట్టుకుని లాగి మళ్లీ తలుపు దగ్గర నిలబెట్టారు.

తర్వాత తండ్రి వంతు. వై డిడ్ యూ చూజ్ అవర్ స్కూల్. నిజమైన జవాబు, బస్సు మా అపార్ట్‌మెంట్ గేటు ముందే ఆగుతుంది కాబట్టి. చెప్పాల్సిన జవాబు, హోలిస్టిక్ డెవలప్‌మెంట్. కంగారులో హోల్‌సేల్ డెవలప్‌మెంట్ అన్నాడు. నాకైతే అదే కరెక్ట్ అనిపించింది.

మా అత్తగారు వంటింట్లోంచి బయటికి రావట్లేదు. రెండు నెలలుగా ఆవిడకి పిల్లాడితో తెలుగు మాట్లాడటం బంద్, కమ్, సిట్, ఈట్, నో అని నాలుగు మాటలు నేర్పారు, మిగతాదంతా చేత్తో సైగలే. తమాషా ఏంటంటే ఇదే పిల్లాణ్ని మొన్న వసంత పంచమికి బాసర తీసుకెళ్లి, తెల్లారుజామున క్యూలో నిలబడి, పలక మీద ఓనమాలు దిద్దించుకొచ్చారు. సరస్వతమ్మ దగ్గర దిద్దిన ఆ అక్షరం వాడి జీవితంలో మొదటి తెలుగక్షరం, చూడబోతే చివరిది కూడా.

అప్పట్లో నల్లకుంటలో రామయ్య గారి ఐఐటీ కోచింగ్‌లో సీటుకి ఎంట్రన్స్ ఉండేది, ఆ ఎంట్రన్స్‌కి మళ్లీ కోచింగులు వెలిశాయని చెప్పుకుని నవ్వుకునేవాళ్లం. ఆ పిల్లలకి కనీసం మీసాలొచ్చే వయసు. వీడికి ఇంకా డైపర్ పూర్తిగా పోలేదు.

అసలు ఇంటరాక్షన్ పోయిన శనివారం అయింది. స్కూలు పేరు చెప్పను, చెప్పినా మీ వీధి చివరది కూడా అలాంటిదే. మ్యామ్ ఆవు బొమ్మ చూపించి వాట్ ఈజ్ దిస్ అంది. చింటూ బొమ్మ చూడగానే మొహం వెలిగిపోయి, ఆవు, పాలిస్తుంది, తంతుంది అన్నాడంట. సంక్రాంతికి ఊళ్లో తోక పట్టుకుంటే తన్నబోయింది మరి, అందుకని వాడికి బాగా గుర్తు. మ్యామ్ కాగితం మీద ఏదో రాసుకుంది. సాయంత్రం మెసేజ్ వచ్చింది, చైల్డ్ నీడ్స్ ఇంప్రూవ్‌మెంట్ ఇన్ కమ్యూనికేషన్, వెయిటింగ్ లిస్ట్.

ఏం కమ్యూనికేషనమ్మా ఇంకా కావాల్సింది? ఆవు పేరు చెప్పాడు, ఏమిస్తుందో చెప్పాడు, దగ్గరికెళ్తే ఏం చేస్తుందో కూడా చెప్పి నిన్ను జాగ్రత్తగా ఉండమన్నాడు. వాడు ఆవుని ముట్టుకున్నాడు, నువ్వు ఫ్లాష్‌కార్డ్ ముట్టుకున్నావ్, మరి ఫెయిలైంది వాడెలా అయ్యాడు? ఇంట్లో ఎనిమిది మంది మాట్లాడే భాషలో జవాబు చెప్పినందుకు మూడున్నరేళ్ల వాడి మీద రిమార్క్ రాసే చేతులు మీవి, ఆ రిమార్క్ చూసి పిల్లాణ్ని వారం రోజులు నోరెత్తితే కసిరిన బుద్ధి మాది, సిగ్గు లేనిది ఇద్దరికీ, మధ్యలో నలిగింది వాడొక్కడే. ముందురోజు దాకా ఊరికే వాగేవాడు, ఇప్పుడు ఏదడిగినా ముందు వాళ్లమ్మ మొహంలోకి చూస్తున్నాడు, ఏ మాట అంటే తిట్టరో అని.

నిన్న మళ్లీ వెళ్లాను. ఒళ్లో కూచుని చాలాసేపు నా వాచీతో ఆడుకుని, మెల్లగా చెవి దగ్గరకొచ్చి అడిగాడు.

"పెదనాన్నా, కౌ తన్నదా?"

తంతుందిరా నాన్నా, గట్టిగా తంతుంది అన్నాను.

వంటింట్లోంచి మా మరదలు, "బావగారూ, ప్లీజ్, ఇంగ్లీష్‌లో చెప్పండి" అంది.