ఇంటర్వెల్ బ్యాంగ్ గారికి ఒక దర్శకుడి విన్నపం

గౌరవనీయులైన ఇంటర్వెల్ బ్యాంగ్ గారికి,

నమస్కరించి వ్రాయునది. తమరి క్షేమం వేరే అడగనక్కరలేదు. ఫిలింనగర్‌లో నేను కథ చెప్పడానికి వెళ్లిన ప్రతి ఆఫీసులోనూ నాకంటే ముందే తమరు కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటున్నారు.

విరామానికి సరిగ్గా ముందు జనాన్ని ఉలిక్కిపడేలా చేసే తమరి పుట్టుక నాకు తెలియనిది కాదు. వెయ్యి అడుగుల 35 ఎంఎం రీలు ఆడేది దాదాపు 11 నిమిషాలే కాబట్టి, ఒకే ప్రొజెక్టరున్న టూరింగ్ టాకీసులో రీలు మార్చాల్సినప్పుడల్లా ఆట ఆగేది, జనం సోడా తాగి వచ్చేవారు. ఇప్పుడు రీలూ లేదు, మార్చేవాడూ లేడు. తమరు మాత్రం కదల్లేదు. సోడా పోతే పాప్‌కార్న్‌ను చేరదీశారు. విరామమే ఎరుగని హాలీవుడ్ సినిమాను సైతం మల్టీప్లెక్సువాళ్లు పాత్ర నోట్లో మాట ఉండగానే కోసి తమరికి నైవేద్యం పెడుతున్నారు.

నా కథ మంగళగిరి నేతగాడిది. ఆయనకు చేయి వణకడం మొదలవుతుంది. చీర సగంలో ఉండగా, మగ్గం మీద దారంతో అటూ ఇటూ పరుగెత్తే నాడె చప్పుడు ఆగిపోతుంది. అదే ఇంటర్వెల్ అని చెప్పాను. నిర్మాతగారు టీ గ్లాసు అడుగున మిగిలిన చక్కెరను చెంచాతో గీకుతూ విని, "బాగుందయ్యా, ఇంతకీ బ్యాంగ్ ఏది?" అన్నారు. గుంట మగ్గమే కదా, ఆ గుంటలో కత్తి దాచి ఉంటే ఎలా ఉంటుందని పక్కనున్నాయన అందించారు.

నేను లేచి వచ్చేయలేదు. ఆ రాత్రి కృష్ణానగర్ గదిలో కత్తి సీను రాశాను. పడుగు దారాలను తెంపుకుంటూ కత్తి పైకి లేస్తుంటే, చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఒళ్లు గగుర్పొడిచింది. నాడె ఆగిపోయిన సీను రాసినప్పుడు అలా జరగలేదు. తమరు నా చేతులు కట్టేశారని పదేళ్లుగా స్నేహితుల దగ్గర వాపోయినవాణ్ణి. కట్లు విప్పితే అవి కత్తికే వెళ్తాయేమోనని ఇప్పుడు నా అనుమానం. కె. విశ్వనాథ్ గారు మద్రాసు వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణ విభాగంలో పనిచేశాకే దర్శకులయ్యారు; నిశ్శబ్దం ఎంతసేపు నిలుస్తుందో ఆయన చెవులకు తెలిసి ఉంటుంది. నాకు తెలిసిందల్లా రీరికార్డింగ్‌లో నేపథ్య సంగీతంతో చూసుకుందాంలే అనుకోవడమే.

శుక్రవారం నాలుగు గంటలకు మళ్లీ రమ్మన్నారు. కత్తి ఉన్న ప్రతి, లేని ప్రతి, రెండూ సంచిలో పెట్టుకున్నాను. తమరు ఎలాగూ అక్కడే ఉంటారు కనుక, నా చేయి దేనిమీదికి వెళ్తుందో కనిపెట్టినా పైకి మాత్రం అనకండి.

ఇట్లు,
తమ విధేయుడో కాదో ఇంకా తేలని
ఒక దర్శకుడు