ఆరడుగుల చెక్కు

పావగడ బస్సు తలుపులో ఆరడుగుల చెక్కు పట్టదు. అడ్డంగా దూరదు, నిలువుగా పెడితే పైన తగులుతుంది, ఏటవాలుగా తోస్తే కండక్టరు ఒప్పుకోడు. పల్లెల్లో జనమే నడుపుకునే సౌర విద్యుత్తుకు నిధులు ఎలా చేర్చాలా అని బెంగళూరులో ఏదో ఒక హోటల్లో ఎప్పుడూ సదస్సు జరుగుతూనే ఉంటుంది గదా, ఈ తలుపు కొలత మాత్రం ఏ నిపుణుడూ తీసుకున్న పాపాన పోలేదు. నా వంతు సేవగా నేనే తీశాను. టేపు కూడా నాదే.

ఆ చెక్కు ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? థర్మోకోల్ అట్టకు ఫ్లెక్సీ అంటిస్తారు. ఇటు నలుగురు, అటు నలుగురు పట్టుకుని పళ్లు చూపిస్తారు. అంకె పెద్దగా ఉంటుంది, ఊరి పేరు తప్పుగా ఉంటుంది.

మా మామది కర్ణాటకలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పావగడ తాలూకాలో ఒక పల్లె. ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం, బ్యాంకులో మౌనం. ఎవరో దాతలు ఐదేళ్ల కింద ఆ ఊళ్లో వీధి దీపాలకూ అంగన్‌వాడీకీ సోలార్ పెట్టించారు. ప్యానెళ్లు నిక్షేపంలా ఉన్నాయి, అవి పాతికేళ్లు కదలవు. పోయింది బ్యాటరీలు. లెడ్ యాసిడ్ బ్యాటరీని ఎంత డిస్టిల్డ్ వాటర్ పోసి సాకినా నాలుగైదేళ్లే. ఎనిమిది బ్యాటరీలు, ఒక్కోటి పన్నెండున్నర వేలు, వెరసి లక్ష. ఊరు ఒక కంపెనీ ఫౌండేషన్‌ను అడిగింది ఆ లక్షే.

ఫౌండేషన్ వారు చాలా ఓపిగ్గా వివరించారు. బ్యాటరీ మార్చడం రిపేరు కిందికి వస్తుందట. రిపేరుకు ఇంపాక్ట్, అంటే మేం తెచ్చిన మార్పు అని చూపుకునేది, ఉండదట. పాత ప్యానెళ్ల కింద దీపం వెలిగితే అది ముందటి దాత ఖాతాలోకి పోతుంది కదా! కాబట్టి ప్యానెళ్లు ఉన్న ఊరికి పది లక్షలతో కొత్త ప్యానెళ్లు మంజూరయ్యాయి. చెక్కు అందుకోవడానికి మామ తెల్లపంచె కట్టుకుని బెంగళూరు వచ్చాడు.

పొద్దున పదకొండు. బయట ఎండ పేలిపోతోంది. హాల్లో తెరలన్నీ దించి, దీపాలన్నీ వెలిగించి, తెర మీద సూర్యుడి ఫొటో వేశారు. ఏసీ చలికి మామ తువ్వాలు చెవులకు చుట్టుకున్నాడు. వేదిక మీద ఒకాయన ఇంగ్లీషులో ఏదో అడిగితే, పక్కనున్న అమ్మాయి "మీ దృష్టిలో శక్తి అంటే ఏమిటండీ?" అని తెలుగు చేసింది. మామ కాసేపు ఆలోచించి "రాగి ముద్ద" అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి. ముందు వరసలో ఒకావిడ ఆ మాట రాసుకుని కింద రెండు గీతలు గీసింది. ఆ ఊపులో మామ "బ్యాటరీలు..." అని మొదలెట్టాడు గానీ, అప్పటికే మైకు భోజనాల ప్రకటన చేస్తోంది.

సాయంత్రం మెజెస్టిక్ బస్టాండులో కండక్టరు అడ్డం తిరిగాడు.

"ఏన్రీ ఇదు?" అన్నాడు, ఏమిటిది అని.

"దుడ్డు" అన్నాడు మామ. డబ్బు అని, ఉన్నమాటే.

కండక్టరు అంకె చదివాడు. సున్నాలు లెక్కపెట్టాడు. పది లక్షలున్న మనిషి లగేజీ టికెట్టుకు చిల్లర లేదంటే ఎలా కుదురుతుందని అడిగాడు. సహేతుకమైన ప్రశ్న. ఆర్థిక నిపుణులెవరైనా జవాబు చెప్పగలరేమో. చివరికి వెనక సీటులో ఐదుగురి ఒళ్లో పరిచారు. మధుగిరి దాటేసరికి దాని మీద శనక్కాయలు ఒలుస్తున్నారు. ఆ చెక్కు కమ్యూనిటీకి ఉపయోగపడింది ఆ నాలుగు గంటలే.

2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలను సగటు లాభంలో రెండు శాతం సమాజానికి ఖర్చు పెట్టమంది. ఆ రెండు శాతాన్ని అట్ట మీద రాయాలని ఏ సెక్షన్లోనూ లేదు, నేను వెతికాను.

వారం తర్వాత ఉత్తరం. పది లక్షలు ఐదు విడతల్లో వస్తాయి. ఒక విడతకు యుటిలైజేషన్ సర్టిఫికెట్, అంటే డబ్బు ఫలానా దానికే ఖర్చయిందన్న కాగితం, పంపితే తర్వాతి విడత. మొదటి విడత రావాలంటే ముందు ఊరు తన వాటా పది శాతం, అంటే లక్ష రూపాయలు, కట్టాలి. ఇంటికి వెయ్యి, కూలి మనిషికి మూడు రోజుల సంపాదన. లేకపోతే జనానికి ఓనర్‌షిప్ రాదట.

ఏం ఓనర్‌షిప్ అయ్యా? మామ ఊరున్న పావగడ తాలూకాలోనే 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. రైతుల భూమి, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలైన కౌలు. ప్యానెళ్లు పెట్టిన కంపెనీలను ఎవరైనా పిలిచి, "ఏమప్పా, ఇది మీదన్న భావన మీకు కలగాలి, ముందు మనిషికి మూడు రోజుల జీతం పెట్టండి" అన్నారా? భూమి ఉన్నవాడికి కౌలు వచ్చింది. ఆ చేలల్లో కలుపు తీసి బతికినామెకు ఏమొచ్చింది? ఉన్న పని పోయింది. ఇప్పుడు ఆమె గుమ్మం ముందు ఒక్క బల్బు వెలగడానికి ఆమె మూడు రోజుల కూలి అడుగుతున్నారు, ఏసీ హాల్లో కూర్చుని, ఆమెకు బాధ్యత నేర్పడానికి! బాధ్యత ఆమెకా నేర్పేది? సిగ్గుండాలి.

ఊళ్లకు చేతగాదనుకోకండి. తమిళనాడులో మెట్టుపాళయం దగ్గరి ఓడంతురై పంచాయతీ 2006లో 350 కిలోవాట్ల గాలిమర కొనుక్కుంది. ఖర్చు కోటీ యాభై ఐదు లక్షలు. 40 లక్షలు పంచాయతీ దాచుకున్నది, మిగతాది బ్యాంకు అప్పు. కరెంటు అమ్మి ఆ అప్పు తీర్చేశారు. అదే బిహార్‌లో ధర్నయీ అనే ఊళ్లో 2014లో ఆర్భాటంగా మొదలైన సౌర మైక్రోగ్రిడ్ బ్యాటరీలు పోయాక పశువుల కొట్టమైంది. మళ్లీ బ్యాటరీలే, చూశారా?

మామ ఇంటికి వెయ్యి చొప్పున వందిళ్ల దగ్గర లక్ష వసూలు చేశాడు. కట్టడానికి పావగడ వెళ్తూ దారిలో లెక్క వేసుకున్నాడు. ఎనిమిది పన్నెండున్నరలు. బ్యాంకు దాటి బ్యాటరీల కొట్టు ముందు ఆగాడు. ఆ రాత్రికే దీపాలు వెలిగాయి. ప్రాజెక్టు విఫలమైందని, కమ్యూనిటీ ముందుకు రాలేదని ఫౌండేషన్ ఫైలు మూసేసింది.

చెక్కు మాత్రం గొర్రెల దొడ్డికి తడికగా కుదిరింది. అంకె లోపలివైపు, గొర్రెలు చదువుకుంటాయని.

మొన్న ఫౌండేషన్ నుంచి ఫోన్. వచ్చే నెల ఇంకో ఊరికి ఫంక్షన్ ఉందట. ఊరి పేరు మీద స్టిక్కరేస్తే సరిపోతుంది, ఆ అట్ట తిరిగి పంపగలరా అని.

"దానికేం భాగ్యం, పంపిస్తాం" అన్నాడు మామ. "కాకపోతే విడతల్లో. ముందు 'రూపాయలు' అన్న ముక్క కోసి పంపిస్తా. అందినట్టు సర్టిఫికెట్ పంపండి, ఒక సున్నా వస్తుంది."